కాలు అందుతుందా?

ఒక ఆదివారం, అయిదు రకాల మోటార్‌సైకిళ్లు, అయిదడుగుల రెండంగుళాల మనిషి

"మేడమ్, మీరు వెనక కూర్చుంటారా?"

చేతిలో హెల్మెట్, భుజాన బ్యాగు, బ్యాగులో గేరు బండి లైసెన్సు పెట్టుకుని వరుసలో నిలబడితే ఆ కుర్రాడు అడిగిన మొదటి మాట అది. పాతికేళ్లు కూడా ఉండవు. మెడలో ట్యాగు, చేతిలో ట్యాబ్. నడిపే మగమనిషి ఎక్కడున్నాడా అని నా భుజం మీదుగా తొంగి చూస్తున్నాడు. నా వెనక నిజంగానే ఒకాయన ఉన్నాడు గానీ, ఆయనెవరో నాకూ తెలియదు.

"నేనే నడుపుతాను బాబూ."

కుర్రాడు నా మొహం చూడలేదు. బూట్లు చూశాడు. అక్కణ్నుంచి మోకాళ్ల దాకా కళ్లతోనే కొలిచాడు. "కాలు అందుతుందా మేడమ్?" అన్నాడు.

మొదటి ప్రశ్నకు ఒళ్లు మండింది. రెండోదానికి మండలేదు. ఇంటి దగ్గర బయల్దేరినప్పట్నించీ నన్ను నేను అడుక్కుంటున్న ప్రశ్నే అది.

శంకర్‌పల్లి రోడ్డులో ఒక ఫంక్షన్ హాలు వెనక పార్కింగు స్థలం. ముందు రాత్రి పెళ్లి జరిగినట్టుంది. గేటుకు కట్టిన బంతిపూల దండలు వాడి వేలాడుతున్నాయి, ఒక మూల ఖాళీ నీళ్ల సీసాల గుట్ట. మధ్యలో వేసిన టెంటు కింద పదిహేను దాకా బండ్లు. కొన్ని షోరూములు కలిసి పెట్టుకున్న టెస్ట్ రైడ్ రోజు. లైసెన్సు చూపించాలి. బండికేమైనా అయితే బాధ్యత నాదేనని సంతకం పెట్టాలి. ముందు వాళ్ల మనిషి ఇంకో బండి మీద దారి చూపిస్తాడు, అతణ్ని దాటకూడదు. ఔటర్ రింగ్ రోడ్డు పక్క సర్వీసు రోడ్డులో వెళ్లి, ఫ్లైఓవర్ కింద యూటర్న్ తీసుకుని తిరిగి రావాలి. మొత్తం ఆరు కిలోమీటర్లు.

158 కిలోమీటర్ల ఆ ఔటర్ మీదకు టూవీలర్లను రానివ్వరు. కాబట్టి గంటకు నూట యాభై పోగల బండ్లు కూడా కంచెకు ఇవతల గేదెల పక్కనుంచి వెళ్లి రావాల్సిందే. చాలామంది దానికి గొణుక్కున్నారు. నాకైతే మంచిదే అనిపించింది. మనం రోజూ బతికేది సర్వీసు రోడ్డు మీదే కదా.

నాకు బండి నేర్పింది మా నాన్న. కొత్తగూడెంలో, సింగరేణి క్వార్టర్ల వెనక మైదానంలో, 1997 వేసవిలో. అంతకుముందు ఇంట్లో రాజ్‌దూత్ ఉండేది. నాన్న దానికి కిక్కు కొడుతుంటే వీధి పిల్లలందరం గట్టిగా లెక్కపెట్టేవాళ్లం. ఏడు దాటిందంటే షిఫ్టుకు ఆలస్యమైనట్టే. తర్వాత హీరో హోండా సీడీ100 కొన్నారు. 1985లో ఆ బండి వచ్చాకే మధ్యతరగతి ఇంటికి మోటార్‌సైకిల్ అంటే భయం పోయింది. పెట్రోల్లో ఆయిల్ కలపక్కర్లేదు, ప్లగ్గు తుడవక్కర్లేదు, లీటరుకు ఎంత ఇస్తుందో చెబితే పక్కింటివాళ్లు నమ్మరు. అదే ఏడాది యమహా ఆర్‌ఎక్స్ 100 కూడా వచ్చింది. కొడుకులు దాని చప్పుడుకు పడిపోయారు, తండ్రులు సీడీ100ని ఇంటికి తెచ్చారు. ఆ గొడవలు ఎన్ని ఇళ్లల్లో ఎన్నేళ్లు నడిచాయో రాస్తే అదొక నవల.

నాన్న మొదటిరోజు నన్ను నడపనివ్వలేదు. ఇంజిను ఆపి, స్టాండు తీయించి, బండిని మైదానం చుట్టూ రెండుసార్లు తోయించారు. "తొయ్యలేని బండి ఎక్కకు" అన్నారు. అప్పుడది శిక్షలా తోచింది.

ముందు క్లాసిక్ 350 ఎక్కాను. కారణం పెద్దదేం కాదు, పెళ్లి దండల కింద నిలబెట్టి ఉంది. 2021లో 'బుల్లెట్టు బండి' పాట వచ్చిన దగ్గర్నుంచి మన బరాత్‌లలో ఈ బుల్లెట్ కుటుంబం బండ్లకు బంధువు హోదా వచ్చేసింది. బుల్లెట్ అనే పేరు 1930లలో ఇంగ్లండులో పుట్టింది, 1955లో మద్రాసుకు వచ్చింది. పుట్టినచోట కంపెనీ మూతపడినా మద్రాసులో మాత్రం ఆగలేదు. పాత బుల్లెట్లకు గేరు కుడికాలికి, వెనక బ్రేకు ఎడమకాలికి ఉండేవి. మామూలు బండ్లకు అలవాటుపడినవాడు దాన్ని అరువు తీసుకుంటే, బ్రేకనుకుని గేరు తొక్కేవాడు. మా వీధి చివరి గోడకు ఆ గుర్తు చాలా కాలం ఉండిపోయింది.

ఇప్పటి బండిలో ఆ తిరకాసు లేదు. 349 సీసీ, 20 హార్స్‌పవర్, 195 కిలోలు. సీటు నేల నుంచి 805 మిల్లీమీటర్లు, అంటే నా స్కూటర్ కన్నా నాలుగు సెంటీమీటర్లు ఎత్తు. ఎక్కి కూర్చుంటే మునికాళ్లు ఆనాయి, మడమలు గాల్లో ఉన్నాయి. ఫర్వాలేదు, చీర షాపుల్లో పై అర అందుకునేది కూడా ఇలాగే.

క్లచ్ వదలగానే అర్థమయ్యేది దాని లాగుడు. 27 న్యూటన్ మీటర్ల టార్క్ మొత్తం 4000 ఆర్‌పీఎం దగ్గరే అందిస్తుంది. లోపల తిరిగే ఫ్లైవీల్ బరువైనది కాబట్టి ఇంజిను ఊపు తొందరగా చావదు. మూడో గేరులో ముప్పై మీద పోతూ ఎక్సలేటర్ కొంచెం తిప్పితే విసుక్కోకుండా లేచింది. ఎదురుగా గేదెల మంద రోడ్డు దాటుతోంది. అవీ తొందరపడలేదు, బండీ తొందరపడలేదు. లోపల బ్యాలెన్సర్ షాఫ్టు పెట్టి అదురు తగ్గించారు. పాత బుల్లెట్ మీద కొండగట్టుకు వెళ్లొచ్చి రెండ్రోజులు చేతులు జివ్వుమన్నాయని గొప్పగా చెప్పుకున్న మామయ్యలకు ఇది నచ్చకపోవచ్చు. నా చేతులకు నచ్చింది.

తర్వాత కేటీఎం 390 డ్యూక్. 399 సీసీ. సిలిండరు పరిమాణంలో క్లాసిక్‌కూ దీనికీ మహా అయితే గ్లాసుడు నీళ్లంత తేడా కూడా లేదు. పవర్ మాత్రం 46. రెండింతలకు మించి ఎక్కడ్నించి వచ్చింది? అందులో కొంత వేగంగా తిరగడంలోంచి. క్లాసిక్ తన పూర్తి బలం 6100 ఆర్‌పీఎం దగ్గర ఇస్తుంది, ఇది 8500 దగ్గర. నిమిషంలో ఎక్కువసార్లు పేలితే ఎక్కువ పని జరుగుతుంది. పొలంలో పెద్ద అంగలు వేసే ముసలి రైతుకూ, అదే గట్టు మీద పరుగెత్తే మనవడికీ ఉన్న తేడా. బరువు 168 కిలోలు. అంటే క్లాసిక్ మీంచి ఒక బియ్యం బస్తా దించినట్టు.

క్విక్‌షిఫ్టర్ ఉంది కాబట్టి క్లచ్ పట్టకుండానే గేరు మార్చవచ్చు. మార్చాను. ఎడమచెయ్యి అలవాటుకొద్దీ రెండుసార్లు గాల్లో క్లచ్ వెతికింది. నాన్న చూసుంటే గేరుబాక్సు పగిలిపోతుందని అక్కడికక్కడే దింపేసేవారు. బ్రేకు వేలితో తాకితే చాలు. వంపులో మనసులో అనుకున్నంతలో తిరిగిపోయింది. కానీ ముందు దారి చూపేవాడు నలభై అయిదు దాటడం లేదు. ఆ వేగంలో డ్యూక్ కాళ్లు కట్టేసిన మేకపిల్లలా గింజుకుంటూనే ఉంది. బండి తప్పు కాదు, రోడ్డు తప్పూ కాదు. ఇద్దరికీ సంబంధం కుదరలేదు.

ఆ వంపు దగ్గర ఒక సంగతి చెప్పాలి. మోటార్‌సైకిల్ ఎడమకు తిరగాలంటే హ్యాండిల్‌ను ముందు కుడికి తిప్పాలి. నమ్మబుద్ధి కాదు, కానీ నడిపే ప్రతివాళ్లూ తెలియకుండా చేసేది అదే. ఎడమచేత్తో హ్యాండిల్‌ను రవంత ముందుకు నెడితే చక్రం క్షణంపాటు కుడికి మళ్లుతుంది, బండి ఎడమకు ఒరుగుతుంది, ఒరిగాక తిరుగుతుంది. విమానం కనిపెట్టిన విల్బర్ రైట్ అసలు వృత్తి సైకిళ్ల వ్యాపారం. ఎడమకు ఎలా తిరుగుతారని ఆయన చాలామంది సైకిలు తొక్కేవాళ్లను అడిగి చూశాడు. మొదటిసారి అడగ్గానే సరిగ్గా చెప్పినవాడు ఒక్కడూ లేడట. నేను ఆ రోజు టెంటులో నలుగుర్ని అడిగాను. ఫలితం అదే.

టెంటులో ఎదురుచూపు ముప్పావు గంట. అక్కడి మాటల్లో ఎక్కువగా దొర్లిన అంకె 350. 2025 సెప్టెంబరు 22 నుంచి 350 సీసీ లోపు బండ్లకు జీఎస్టీ 28 శాతం నుంచి 18కి దిగింది, దాన్ని దాటినవాటికి 40 శాతం అయింది. కరెంటు బండ్లకు 5. దాంతో ఒక్క గీత అటూ ఇటూ ఉన్న బండ్ల మధ్య దూరం పెరిగిపోయింది. రిటైరైన ఒక బ్యాంకు ఉద్యోగి కాగితం మీద లెక్కలు వేస్తూ, "నా ముప్పై ఏళ్ల కోరిక గీతకు ఇవతలే ఉందమ్మా, అదృష్టం" అని క్లాసిక్ వైపు చూపించారు. ఆయన అసలు నడపలేదు. కూర్చుని, అద్దం సర్దుకుని, ఫొటో తీయించుకుని వెళ్లారు. నడిపి చూడకపోవడం కూడా ఒక రకమైన తెలివేనేమో. ముప్పై ఏళ్ల కోరికను ఆరు కిలోమీటర్లలో పరీక్ష పెడితే ఏమవుతుందో!

హిమాలయన్ 450 దగ్గరికి వెళ్లగానే కుర్రాడు పరుగున వచ్చాడు. "మేడమ్, ఇది వద్దేమో. 825 ఉంటుంది సీటు."

అదే, ఇంకాస్త ఎత్తు కావాలంటే 845కి కూడా పెట్టుకోవచ్చు. ముందు చక్రం 21 అంగుళాలది, వెనకది 17. నేలకూ బండి పొట్టకూ మధ్య 230 మిల్లీమీటర్ల ఖాళీ. బరువు 196 కిలోలు. చూడ్డానికి గుర్రం కన్నా ఒంటెకు దగ్గర.

ఎక్కే పద్ధతి అతనే నేర్పించాడు. సైడ్‌స్టాండు మీద ఉండగానే ఎడమ ఫుట్‌రెస్ట్ మీద నిలబడి, సైకిలెక్కినట్టు కాలు అటు వేయాలి. కూర్చున్నాక స్ప్రింగులు కొంచెం కుంగుతాయి. బ్రోషరులో రాసే సీటు ఎత్తు మనిషి ఎక్కని బండిది. ఎక్కాక అది తగ్గుతుంది, ఎంత తగ్గుతుందనేది మన బరువును బట్టి. ఇంకో రహస్యం సీటు వెడల్పు. ముందు భాగం సన్నగా ఉంటే కాళ్లు తిన్నగా కిందికి దిగుతాయి, వెడల్పుగా ఉంటే తొడలే అడ్డం. అందుకే రెండు బండ్ల సీటు ఎత్తు ఒకటే అయినా ఒకదాని మీద కాలు అందుతుంది, ఇంకోదాని మీద అందదు. ఈ ముక్క ఏ బ్రోషరులోనూ ఉండదు. చివరి కిటుకు: రెండు కాళ్లూ ఆనించాలని తాపత్రయపడకూడదు. నడుము కొంచెం ఎడమకు జరిపితే ఎడమపాదం నిండుగా ఆనుతుంది. కుడికాలు ఎలాగూ బ్రేకు మీదే కదా ఉండాల్సింది.

"ఒక్క కాలు చాలు మేడమ్" అన్నాడు, తానే ఓడిపోయినట్టుగా నవ్వుతూ.

సర్వీసు రోడ్డులో మూడో కిలోమీటరు దగ్గర పైపులైను కోసం తవ్వి పూడ్చి, మళ్లీ తవ్వినట్టున్న ముక్క ఒకటుంది. క్లాసిక్ మీద అక్కడ నడుము గుర్తొచ్చింది, డ్యూక్ మీద పళ్లు గుర్తొచ్చాయి. హిమాలయన్ మీద ఏమీ గుర్తుకు రాలేదు. చక్రం ఎంత పెద్దదైతే గుంత దానికి అంత చిన్నది. ఎడ్లబండికి అంత పెద్ద చక్రం ఊరికే పెట్టలేదు మన వడ్రంగులు. పైగా ఈ బండి స్ప్రింగులు ముందూ వెనకా 200 మిల్లీమీటర్ల దాకా ఆడతాయి. గతుకు వస్తున్నప్పుడు ఫుట్‌రెస్టుల మీద లేచి నిలబడ్డాను. అలా నిలబడితే మోకాళ్లు కూడా స్ప్రింగులైపోతాయి, బండి కిందనే ఊగుతుంది, మనిషి ఊగదు. ఆటోలో వెళ్తున్న ఒకామె తల బయట పెట్టి మరీ చూసింది. లడఖ్ కోసం తయారుచేశామని ప్రకటనల్లో చెప్పుకోనీ, నాకు మాత్రం ఇది మన మున్సిపాలిటీల కోసమే తయారైన బండి అనిపించింది.

అయితే ఆగాల్సి వచ్చిన ప్రతిచోటా గుండె కొంచెం పైకొచ్చిన మాట నిజం. ఎక్కడ ఆగాలో యాభై గజాల ముందే చూసుకోవాలి. నేల ఏ వైపు వాలుగా ఉంది, ఏ కాలు దించాలి, ఇసుక ఉందా? పొట్టివాళ్లు నడిపితే బుర్ర ఎక్కువ పనిచేస్తుంది. ఇది నా సిద్ధాంతం, పొడుగువాళ్లు ఒప్పుకోనక్కర్లేదు.

ఇక ఆ రోజు కుర్రాడు నాకోసం ప్రేమగా ఎంచిన బండి. "ఇది మీకు కరెక్టు మేడమ్, కాళ్లు ఫుల్లుగా ఆనతాయి." 650 సీసీ క్రూజర్. పేరెందుకు, తప్పు నాదే. సీటు సోఫాలా కిందికి ఉంది. రెండు పాదాలూ మడమలతో సహా నేలమీద పరిచినట్టు ఆనాయి. ఫుట్‌రెస్టులు ముందుకు, హ్యాండిల్ వెడల్పుగా. తిన్నటి రోడ్డులో అంత హాయి ఇంకేదీ ఇవ్వలేదు. రెండు సిలిండర్లు గొంతు సవరించుకుంటున్న పెద్దమనుషుల్లా మాట్లాడుకుంటున్నాయి.

ఫ్లైఓవర్ కింద యూటర్న్ వచ్చింది. బండి బరువు 240 కిలోల పైమాట, రెండు చక్రాల మధ్య దూరం ఎక్కువ. హ్యాండిల్ పూర్తిగా కుడికి తిప్పితే, ఎడమ పిడి నా చేతికి అందకుండా దూరం జరిగింది. అంటే క్లచ్ దూరం జరిగింది. సిమెంటు స్తంభం దగ్గరికొస్తోంది. భయపడి ముందు బ్రేకు పట్టాను. హ్యాండిల్ తిప్పి ఉండగా, నడక వేగంలో, ముందు బ్రేకు పట్టకూడదని నాన్న ఇరవై ఎనిమిదేళ్ల కిందటే చెప్పారు. బండి ఉన్నపాటున లోపలికి ఒరిగింది. అంత బాగా అందిన కాలు దించాను. కింద కంకర. ఆ కాలు కంకర మీద జారుతుంటే 240 కిలోలు మెల్లగా, మర్యాదగా నా మీదకు వంగాయి. దారి చూపేవాడు తన బండి వదిలేసి పరుగెత్తుకొచ్చాడు, సిగ్నల్ దగ్గర బొమ్మలమ్ముకునే కుర్రాడొకడు రెండో వైపు పట్టాడు. గీత పడలేదు. నా పరువు సంగతి వేరు.

ఆ రోజు నేను పడబోయింది కాళ్లు పూర్తిగా ఆనిన ఆ ఒక్కదాని మీదే. బండి నిటారుగా ఉన్నంతసేపే కాలు మోస్తుంది. కాస్త ఒరిగాక ఆపేది కాలు కాదు, క్లచ్‌. సగం పట్టి సగం వదిలిన క్లచ్, వెనక బ్రేకు మీద ఆనీ ఆనని పాదం, స్తంభం వైపు కాకుండా వెళ్లాల్సిన వైపు చూసే కళ్లు. ఇలాంటి రోజుల్లో అందరూ ఎక్సలేటర్ తిప్పి చూస్తారు. నేనైతే ఇకమీద ఏ బండి ఇచ్చినా ముందు యూటర్న్ తిప్పి చూస్తాను.

తడబడిన గుండెతో ఎక్కింది కరెంటు బండి. బెంగళూరులో తయారయ్యే అల్ట్రావయొలెట్ ఎఫ్77. పెద్ద బ్యాటరీ రకం, 10.3 కిలోవాట్ అవర్లు, 207 కిలోలు. క్లచ్ లేదు, గేరు లేదు, చప్పుడు లేదు. గొలుసు జారుతున్న సర్రుమనే శబ్దం ఒక్కటే వినిపిస్తుంది. టార్క్ 100 న్యూటన్ మీటర్లు అని చెప్పి కుర్రాడు నా మొహంలో ఆశ్చర్యం కోసం చూశాడు. క్లాసిక్ 27తో దీన్ని నేరుగా పోల్చకూడదు. పెట్రోలు బండిలో మొదటి గేరు ఆ 27ను ఎన్నో రెట్లు చేసి చక్రానికి అందిస్తుంది. అయినా ఎక్సలేటర్ తిప్పిన ఆ క్షణానే, ముందూ వెనకా లేకుండా వచ్చే ఆ తోపు వేరు. వదిలితే మోటారే జనరేటరుగా మారి బండిని ఆపుతూ బ్యాటరీ నింపుకుంటుంది. యూటర్న్? క్లచ్ లేని చోట నా చేతుల పని సగం తగ్గింది, స్తంభాన్ని హాయిగా చుట్టి వచ్చాను. ఇబ్బందల్లా గేదెలకు. అవి చప్పుడు విని పక్కకు జరిగే జాతి. హారన్ కొట్టేదాకా ఒక్కటీ కదల్లేదు.

మధ్యాహ్నానికి గేటు బయట చాయ్ తాగుతూ నిలబడ్డాను. లోపల ఉన్నవాటిలో చాలావాటికి వెనక చక్రం పక్కన చీర చిక్కుకోకుండా కట్టిన కమ్మీలు కనిపించాయి. 1989 నాటి కేంద్ర మోటారు వాహన నియమాల్లో 123వది వెనక కూర్చునేవాళ్ల గురించి. పట్టుకోవడానికి పిడి, కాళ్లకు ఫుట్‌రెస్టు, చక్రానికి అడ్డు ఉండాలంటుంది. మంచి నియమమే, ఎన్నో ప్రాణాలు కాపాడి ఉంటుంది. కాకపోతే ఆ కుర్రాడి మొదటి ప్రశ్న అతను కనిపెట్టింది కాదని అప్పుడు తట్టింది.

చాయ్ అమ్మే పెద్దాయన స్ప్లెండర్ పక్కనే ఉంది. వెనక రెండు వైపులా పాలక్యాన్లు, ముందు ఫ్లాస్కుల సంచి. 1994లో మొదలైన ఆ పేరు బండి లేని వీధి ఈ రాష్ట్రాల్లో ఉండదు. ఆ బండి కంపెనీ ఇప్పుడు మన సత్యవేడు దగ్గర కూడా బండ్లు తయారుచేస్తోంది. లోపల టెంటులో మాత్రం ఆ బండికి చోటు లేదు, నడిపి చూస్తామని అడిగేవాళ్లూ లేరు.

"ఒక్క రౌండు నడిపి చూడొచ్చా?"

ఆయన గ్లాసు కడగడం ఆపాడు. "ఏం జూస్తరమ్మా దాంట్ల?" అన్నాడు గానీ, క్యాన్లు దించి తాళం ఇచ్చాడు. 97 సీసీ, 8 హార్స్‌పవర్, 112 కిలోలు. రెండు మడమలూ దాదాపు ఆనాయి. సెల్ఫ్ పనిచేయలేదు. కిక్కు కొడితే ఒక్కదానికే లేచింది. ఫ్లైఓవర్ దాకా వెళ్లి, స్తంభం చుట్టూ కాలు దించకుండా రెండుసార్లు తిరిగి వచ్చాను. డ్యూక్‌కు కుదరని సంబంధం ఆ రోడ్డుకూ దీనికీ ఎప్పుడో కుదిరిపోయి, పిల్లలు కూడా పెద్దవాళ్లయ్యారు. అయినా ఆ తవ్విన ముక్క మీద మాత్రం హిమాలయన్ గుర్తొచ్చింది.

నాన్నకు ఫోన్ చేశాను. ఇప్పుడాయనకు డెబ్భై ఆరు.

"ఏమేం నడిపావమ్మా?"

చెప్పాను. పేర్లు ఆయన చెవికి ఎక్కలేదు.

"కిక్కు ఉందా వాటికి?"

"లోపలున్న వాటిలో నేను నడిపిన ఒక్కదానికీ లేదు నాన్నా. అన్నీ బటనే."

"మరి బ్యాటరీ దిగిపోతే?"

"తొయ్యాలి."

"నీకు నచ్చిందెంత బరువు?"

"196 కిలోలు."

అటునుంచి కాసేపు టీవీ చప్పుడు మాత్రమే వినిపించింది.

"తోసి చూశావా?"

గేటు లోపలికి చూశాను. టెంటు విప్పుతున్నారు. బండ్లను ఒక్కొక్కటే పలకమీదుగా లారీలోకి ఎక్కిస్తున్నారు, ఒక్కోదానికి ముగ్గురు మనుషులు. హిమాలయన్ ఇంకా కిందే ఉంది.

"ఉండు నాన్నా, పెట్టెయ్యకు" అని ఫోను జేబులో వేసుకుని అటు నడిచాను.